అఫ్లుయెంట్: ఈ మాట ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ నప్పదు

నిఘంటువు తీస్తే అఫ్లుయెంట్ ఎదురుగా ‘ధనిక, సంపన్న’ అని ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రెండు ముక్కలే పట్టుకుని ఇంగ్లిష్‌లో వాక్యం రాయబోతే ‘హి ఈజ్ అఫ్లుయెంట్ విత్ మనీ’ అనో ‘అఫ్లుయెంట్ సాయిల్’ అనో వస్తుంది. రెండూ చెల్లవు. రిచ్, వెల్దీ, అఫ్లుయెంట్, ఆపులెంట్, ప్రాస్పరస్ అని ఇంగ్లిష్‌లో ఇన్ని మాటలున్నది ఊరికే కాదు, ఒక్కోదానికి ఒక్కో చోటు ఉంది. అఫ్లుయెంట్‌కి తెలుగులో అన్నిటికంటే దగ్గరి మాట ధనవంతుడు కాదు. ‘కలిగినవాళ్ళు’ అంటామే, అది. కోట్లు మూలుగుతున్నాయని కాదు, దేనికీ తడుముకోనక్కర్లేకుండా ఒక స్థాయిలో హాయిగా బతుకుతున్నారని. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయే నియమాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

నీళ్ళలోంచి వచ్చిన మాట

లాటిన్‌లో ఫ్లుయెరె అంటే పారడం. ‘వైపుకు’ అనే అర్థమున్న అడ్ దాని ముందు చేరింది. పక్కనున్న ఎఫ్ ప్రభావంతో అడ్‌లోని డి కూడా ఎఫ్ అయిపోయింది. సత్ పక్కన జనుడు చేరితే సజ్జనుడు అయినట్టే. స్పెల్లింగ్‌లో రెండు ఎఫ్‌లు ఎందుకున్నాయో ఇక బట్టీ పట్టనక్కర్లేదు: ఒకటి ఉపసర్గది, ఒకటి ధాతువుది. అఫెక్ట్, అఫర్మ్, అఫిక్స్‌లలో జరిగిందీ ఇదే.

15వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు దాని అర్థం ‘ధారాళంగా పారే, సమృద్ధిగా ఉన్న’ అని. డబ్బున్నవాళ్ళు అనే అర్థం గట్టిగా స్థిరపడింది 18వ శతాబ్దంలో. పాత అర్థం పూర్తిగా పోలేదు, భూగోళశాస్త్రంలో మిగిలింది. అక్కడ అఫ్లుయెంట్ నామవాచకం, ఉపనది అని అర్థం. ‘ది రివర్ రిసీవ్స్ టూ అఫ్లుయెంట్స్’ అని పాత పుస్తకంలో కనిపిస్తే నదిలో రెండు ఉపనదులు కలుస్తున్నాయని. ఇప్పుడు దీనికి ట్రిబ్యుటరీ అనే మాటే ఎక్కువ వాడుకలో ఉంది. అయినా పాత ప్రయాణ గ్రంథాలు, గెజిటీర్లు అనువదించేవాళ్ళు దీన్ని మరిచిపోతే ఇబ్బంది పడతారు.

ఈ కుటుంబంలో చాలామంది మనకు తెలిసినవాళ్ళే. ఫ్లుయెంట్ అంటే మాట ధారగా పారేది. కాన్‌ఫ్లుయెన్స్ అంటే నదుల సంగమం. సూపర్‌ఫ్లుయస్ అంటే పొంగిపొర్లి అక్కర్లేకుండా పోయినది. ఇన్‌ఫ్లుయెన్స్ అంటే లోపలికి పారేది, మొదట్లో నక్షత్రాల ప్రభావం అనే అర్థంలో వాడారు. ఎఫ్లుయెంట్ అంటే బయటికి పారేది. చివర్లో చెప్పినది మన అఫ్లుయెంట్‌కి అచ్చం కవల. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

మిగతా మాటల పుట్టుక కూడా ఒకసారి చూస్తే తేడా తేలిగ్గా గుర్తుంటుంది. వెల్త్ అనేది వీల్ అనే పాత మాట నుంచి వచ్చింది, క్షేమం అని దాని అర్థం. రిచ్‌కి మొదటి అర్థం ‘బలవంతుడు, ఏలేవాడు’. దాని మూలం వెతుక్కుంటూ పోతే లాటిన్ రెక్స్, సంస్కృత రాజన్ ఉన్న చోటికే చేరతాం. అంటే రిచ్‌కీ మన రాజుకీ దూరపు చుట్టరికం ఉంది.

పలకడం, రాయడం

తెలుగులో అఫ్లుయెంట్ అని రాసుకుంటున్నాం గానీ ఇంగ్లిష్‌లో మొదటి అచ్చు అ కాదు. బ్యాట్, క్యాట్‌లలో వినిపించే ‘యా’. యాఫ్-లు-అంట్ అని మూడు ముక్కలు, మొదటి ముక్కని నొక్కి పలకాలి. మధ్యలోని ‘ఫ్లూ’ని నొక్కేవాళ్ళు ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్ళలోనూ ఉన్నారు, కొన్ని అమెరికన్ నిఘంటువులు దాన్నీ ఒప్పుకుంటాయి. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి ముక్క నొక్కడమే అలవాటు చేసుకుంటే మంచిది. అఫ్లుయెంట్‌కీ ఎఫ్లుయెంట్‌కీ చెవికి తెలిసే తేడా అంతా ఆ మొదటి అచ్చులోనే ఉంది. దాన్ని మింగేస్తే మీరు ధనవంతుల గురించి చెబుతున్నారో మురుగు గురించి చెబుతున్నారో వినేవాళ్ళకి తెలియదు.

అక్షరాలు ఎనిమిది: ఏ, ఎఫ్, ఎఫ్, ఎల్, యు, ఇ, ఎన్, టి. ఎక్కువగా జరిగే పొరపాటు ఎల్, యు తారుమారై ‘అఫ్యులెంట్’ అయిపోవడం. ఆపులెంట్, టర్బ్యులెంట్, ఫ్రాడ్యులెంట్‌ల చివర యు తర్వాత ఎల్ వస్తుంది కాబట్టి చేయి అటే పోతుంది. విరుగుడు సులువే: ముందు ఏ, ఎఫ్ రాసి, దాని పక్కన ఫ్లుయెంట్ స్పెల్లింగ్ ఉన్నదున్నట్టు దించేయండి. అఫ్లుయెంట్ తయారు.

నామవాచక రూపం అఫ్లుయెన్స్. ఫ్లుయెంట్ నుంచి ఫ్లుయెన్సీ వచ్చింది కదా అని ‘అఫ్లుయెన్సీ’ అనకండి. పాత రాతల్లో అది కనిపిస్తుంది, ఈనాటి వాడుకలో లేదు. క్రియావిశేషణం అఫ్లుయెంట్లీ ఉండడానికి ఉంది గానీ, దాని అవసరం దాదాపు ఎప్పుడూ రాదు.

కవల చేసే గొడవ

కర్మాగారం నుంచి బయటికి వదిలే వ్యర్థజలం ఎఫ్లుయెంట్. దాన్ని శుద్ధి చేసే చోటు ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ ప్లాంట్, పొట్టిగా ఈటీపీ. నివేదికల్లో దీన్ని ‘అఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ ప్లాంట్’ అని రాసేస్తుంటారు. అప్పుడది కలిగినవాళ్ళకి వైద్యం చేసే కేంద్రం అవుతుంది. నవ్వొచ్చే సంగతే అయినా దొరక్కుండా జారిపోయే తప్పు ఇది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్‌చెక్ కింద ఎర్రగీత గీయదు. శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీటిని ఇన్‌ఫ్లుయెంట్ అంటారు, దాంతో ముగ్గురూ కలిసి ఇంకా తికమక పెడతారు. పర్యావరణం గురించి గానీ పరిశ్రమల గురించి గానీ రాసిన కాగితం పంపేముందు ఫైండ్‌లో అఫ్లుయెంట్ అని వెతికి, దొరికిన ప్రతిచోటా పక్కనున్న మాట చూడండి. ట్రీట్‌మెంట్, డిశ్చార్జ్, వాటర్, పైప్ ఉంటే మొదటి అక్షరం ఇ కావాలి.

రెండో తికమక ఫ్లుయెంట్‌తో. ‘ఐ యామ్ అఫ్లుయెంట్ ఇన్ ఇంగ్లిష్’ అని బయోడేటాలో రాస్తే ఆ వాక్యమే దాన్ని అబద్ధం చేస్తుంది. మూడోది ఇన్‌ఫ్లుయెన్షియల్‌తో. పలుకుబడి ఉన్నవాళ్ళు వేరు, కలిగినవాళ్ళు వేరు. రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు, అది వేరే సంగతి.

ఏ మాట పక్కన నప్పుతుంది

అఫ్లుయెంట్ ఎక్కువగా గుంపుల పక్కన, చోట్ల పక్కన కనిపిస్తుంది. అఫ్లుయెంట్ ఫ్యామిలీ, అఫ్లుయెంట్ నెయ్‌బర్‌హుడ్, అఫ్లుయెంట్ కంట్రీ, అఫ్లుయెంట్ సొసైటీ, అఫ్లుయెంట్ కస్టమర్స్, అఫ్లుయెంట్ లైఫ్‌స్టైల్. ఒక మనిషి గురించి చెప్పేటప్పుడు కూడా ఆ మనిషికి నేరుగా తగిలించకుండా, ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పడానికి వాడితే సహజంగా ఉంటుంది: ‘షి కమ్స్ ఫ్రమ్ యాన్ అఫ్లుయెంట్ ఫ్యామిలీ’. ‘హి ఈజ్ యాన్ అఫ్లుయెంట్ మ్యాన్’ తప్పు కాదు, కానీ అక్కడ రిచ్‌గానీ వెల్దీగానీ ఉంటే వినడానికి ఇంకా బాగుంటుంది.

వస్తువుల పక్కన పెట్టకండి. భవనం ఆపులెంట్ కావచ్చు, కారు లగ్జూరియస్ కావచ్చు, రెండూ అఫ్లుయెంట్ కావు. బాగా నడుస్తున్న వ్యాపారం ప్రాస్పరస్ లేదా త్రైవింగ్. సారవంతమైన నేల, చిక్కటి రంగు, నిండైన గొంతు, గొప్ప చరిత్ర, ఇవన్నీ రిచ్ సొత్తు. రిచ్ సాయిల్, రిచ్ కలర్, రిచ్ వాయిస్, రిచ్ హిస్టరీ అనాలి. రిచ్‌లా అఫ్లుయెంట్ డబ్బు గడప దాటి బయటికి రాదు.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్ళేటప్పుడు మనవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. మన ‘సంపన్న’ డబ్బు దగ్గరే ఆగదు. గుణసంపన్నుడు, విద్యాసంపన్నుడు అంటాం, ఖనిజ సంపద అంటాం. వాటిని అఫ్లుయెంట్ ఇన్ క్వాలిటీస్, అఫ్లుయెంట్ ఇన్ మినరల్స్ అని తిప్పితే ఇంగ్లిష్‌వాళ్ళకి అర్థం కాదు. ఖనిజాలున్న దేశం ‘రిచ్ ఇన్ మినరల్స్’. గుణసంపన్నుడికి ‘ఎ మ్యాన్ ఆఫ్ గ్రేట్ వర్చ్యూ’ అని దారి మార్చుకోవాల్సిందే. అసలు అఫ్లుయెంట్ తర్వాత ఇన్, విత్, ఆఫ్ ఏవీ పెట్టకపోవడమే క్షేమం. ‘అఫ్లుయెంట్ ఇన్’ అని పాత రచనల్లో కనిపిస్తుంది, ఇప్పటి చెవికి అది వింతగా తోస్తుంది.

ఇంకొన్ని చిన్న సంగతులు. ముందు అచ్చు ధ్వని ఉంది కాబట్టి ‘ఎ’ కాదు, ‘యాన్’ రావాలి. పోలిక చెప్పాలంటే మోర్ అఫ్లుయెంట్, మోస్ట్ అఫ్లుయెంట్. వెరీ, ఫెయిర్లీ, రెలటివ్లీ, ఇంక్రీజింగ్లీ, న్యూలీ, ఇవన్నీ ముందు చక్కగా నప్పుతాయి. ముందు ది పెట్టి ‘ది అఫ్లుయెంట్’ అంటే కలిగినవాళ్ళందరూ అని అర్థం, క్రియ బహువచనంలో ఉండాలి: ‘ది అఫ్లుయెంట్ ఆర్ మూవింగ్ అవుట్’. ఈజ్ పెట్టకూడదు. ఒక్క మనిషిని ఉద్దేశించి ‘యాన్ అఫ్లుయెంట్’ అని వదిలేయకండి, అప్పుడది ఉపనది అవుతుంది. పక్కన పర్సన్ అనో ఫ్యామిలీ అనో ఉండి తీరాలి.

అదే ఇల్లు, వేరే మాట

ఒక ఇల్లు ఊహించుకోండి. భార్యాభర్తలిద్దరూ పెద్ద ఉద్యోగులు. నెల తిరిగేసరికి మంచి జీతాలు పడతాయి. విశాలమైన ఇల్లు, రెండు కార్లు, పిల్లలకు ఖరీదైన బడి, ఏటా విదేశీ ప్రయాణం. ఇంటి అప్పు ఇంకా 15 ఏళ్ళు కట్టాలి, చేతిలో నిల్వ అంతగా లేదు. వీళ్ళు అఫ్లుయెంట్. వెల్దీ అనడానికి వెనకాడాల్సిందే. ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఏడాది తిరక్కుండానే ఈ జీవితం మారిపోతుంది.

ఇప్పుడు పక్క వీధిలోని పెద్దాయన. తాతల నాటి భూములు, అద్దెలొచ్చే భవనాలు, షేర్లు ఉన్నాయి. పాత చొక్కా వేసుకుని నడిచి వెళ్తాడు. ఈయన వెల్దీ. కాళ్ళు బారజాపుకుని కూర్చున్నా ఆస్తి ఆయన్ని పోషిస్తుంది. అఫ్లుయెంట్ లైఫ్‌స్టైల్ మాత్రం ఈయనది కాదు.

అంటే వెల్దీ పోగుపడిన ఆస్తిని చూస్తుంది, అఫ్లుయెంట్ కంటికి కనిపించే జీవన స్థాయిని చూస్తుంది. చెరువుకీ కాలువకీ ఉన్న తేడా అనుకోవచ్చు. ఇది చట్టం కాదు, చాలామంది రచయితలు రెండింటినీ కలిపేస్తారు. కానీ రెండూ ఒకే పేరాలో వచ్చాయంటే రాసినాయన ఈ తేడాని దృష్టిలో పెట్టుకునే ఉంటాడు, అనువాదంలో రెండింటికీ ఒకే తెలుగు మాట వేయకండి.

రిచ్ అందరి మాట. పసిపిల్లలకీ తెలుసు, అందుకే కాస్త మొరటుగానూ ఉంటుంది. ఆపులెంట్‌లో ఆడంబరం కళ్ళకు కొడుతుంది. ప్రాస్పరస్‌లో ఎదుగుదల ఉంది, మన ‘పచ్చగా ఉన్నారు’ లాంటిది. వెల్-ఆఫ్, వెల్-టు-డూ అనేవి అర్థంలో అఫ్లుయెంట్‌కి బాగా దగ్గర. కానీ అవి కబుర్ల మాటలు. స్నేహితుల మధ్య ‘దే ఆర్ అఫ్లుయెంట్’ అంటే నివేదిక చదువుతున్నట్టుంటుంది. అక్కడ ‘దే ఆర్ ప్రెటీ వెల్-ఆఫ్’ చాలు. లోడెడ్, ఫిల్తీ రిచ్ అనేవి మన ‘బలిసినవాళ్ళు’ జాతి, వాటిలో ఈసడింపు ఉంది. అఫ్లుయెంట్‌లో అసూయా లేదు, నిందా లేదు. పత్రికలు, బ్యాంకులు, సర్వేలు దీన్ని ఇష్టపడేది అందుకే. ఖాతాదారు మొహం మీద రిచ్ అనలేరు కదా!

కొలిచి పెట్టిన అర్థాలు

కొన్ని రంగాల్లో అఫ్లుయెంట్ వర్ణన కాదు, కొలత. ఆర్థిక సేవల్లో మాస్ అఫ్లుయెంట్ అనే వర్గం ఉంది. పెట్టుబడికి అందుబాటులో ఉన్న ఆస్తి సాధారణంగా 1 లక్ష నుంచి 10 లక్షల డాలర్ల మధ్య ఉన్నవాళ్ళు అందులోకి వస్తారు. 10 లక్షల డాలర్లు దాటితే హై నెట్ వర్త్ వర్గం. సంస్థను బట్టి, దేశాన్ని బట్టి ఈ గీతలు జరుగుతాయి. కాబట్టి ఇలాంటి పత్రం తెలుగులోకి తెస్తుంటే ముందు నిర్వచనాల పేజీ తీసి చూడండి. ‘మాస్ అఫ్లుయెంట్’ని ‘సామూహిక సంపన్నులు’ అని రాస్తే ఎవరికీ తలకెక్కదు. ‘ఎగువ మధ్యతరగతి మదుపరులు’ అంటే విషయం అందుతుంది.

పర్యావరణ శాస్త్రంలో ఇంకో కొలత ఉంది. 1970ల మొదట్లో శాస్త్రవేత్తలు పాల్ ఎర్లిక్, జాన్ హోల్డ్రెన్‌ల చర్చల నుంచి వచ్చిన ఐప్యాట్ సూత్రంలో ఐ అంటే ప్రభావం, పి జనాభా, ఏ అఫ్లుయెన్స్, టి సాంకేతికత. చివరి మూడింటినీ గుణిస్తే మొదటిది వస్తుంది. ఇక్కడ అఫ్లుయెన్స్ అంటే తలసరి వినియోగం, మామూలుగా తలసరి స్థూల దేశీయోత్పత్తితో కొలుస్తారు. ‘ఐశ్వర్యం’ అని అనువదిస్తే సూత్రం అర్థమే పోతుంది. దేశాల గురించి అఫ్లుయెంట్ అనేది వ్యాసాల మాట. ప్రపంచ బ్యాంకు వర్గీకరణలో ఉండేది హై ఇన్‌కమ్. గణాంకాలు ఇస్తున్న వాక్యంలో రెండోదే వాడాలి.

సమాజశాస్త్రంలో ఈ మాటకు పేరు తెచ్చింది 1958లో వచ్చిన ఆర్థికవేత్త జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ పుస్తకం ‘ది అఫ్లుయెంట్ సొసైటీ’. ఇళ్ళు వస్తువులతో నిండుతుంటే బడులు, రోడ్లు, పార్కుల లాంటి ఉమ్మడి సౌకర్యాలు చిక్కిపోతున్నాయన్నది అందులోని వాదం. ఆ మాటనే తిప్పికొడుతూ మానవశాస్త్రవేత్త మార్షల్ సాలిన్స్ 1966లో వేటాడి, ఏరుకుని బతికే జనాలను ‘ఒరిజినల్ అఫ్లుయెంట్ సొసైటీ’ అన్నాడు. కోరికలు తక్కువ, ఉన్నదానితో అవి తీరిపోతాయి కాబట్టి వాళ్ళూ కలిగినవాళ్ళే అని. దీన్ని ‘ఆదిమ ధనిక సమాజం’ అని అనువదిస్తే ఆ చమత్కారం చచ్చిపోతుంది. ‘లోటెరుగని తొలి సమాజం’ అంటే కొంత నిలుస్తుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

దేశాలకు, వర్గాలకు ‘సంపన్న’ బాగా సరిపోతుంది: సంపన్న దేశాలు, సంపన్న వర్గాలు. కుటుంబాలకు ‘కలిగిన’, ‘స్థితిమంతులైన’. ఖర్చు పెట్టగలగడం గురించి మాట్లాడుతుంటే ‘స్థోమత గల’. శ్రీమంతులు, ఐశ్వర్యవంతులు, కోటీశ్వరులు అనేవి మోతాదు మించుతాయి. ‘డబ్బు చేసినవాళ్ళు’లో కొత్త డబ్బు పొగరు వినిపిస్తుంది కాబట్టి న్యూలీ అఫ్లుయెంట్‌కి కూడా అది వద్దు, ‘ఈమధ్యే నిలదొక్కుకున్నవాళ్ళు’ మేలు.

బాగా చిక్కుపెట్టేవి రెండున్నాయి. మొదటిది అఫ్లుయెంట్ సబర్బ్. ‘సంపన్న శివారు’ అని రాస్తే తెలుగు పాఠకుడు తడబడతాడు, మనకు శివారు అనగానే సౌకర్యాలు అందని చోటు గుర్తొస్తుంది. ‘నగరం అంచున కలిగినవాళ్ళు ఉండే కాలనీ’ అని విడదీసి చెప్పాలి. రెండోది లెస్ అఫ్లుయెంట్. ఇది పేద అనే మాటను మర్యాదగా దాటవేయడానికి ఇంగ్లిష్‌వాళ్ళు పెట్టుకున్న ముసుగు. ‘తక్కువ సంపన్నమైన ప్రాంతాలు’ అంటే అవీ కాస్త సంపన్నమైనవే అనే అర్థం వస్తుంది. మూలంలో నిజంగా పోలిక ఉంటే ‘అంత స్థోమత లేని ప్రాంతాలు’ అనండి. ముసుగే అయితే ‘పేద ప్రాంతాలు’ అని తేల్చి రాయండి.

డిసీజెస్ ఆఫ్ అఫ్లుయెన్స్ అని వైద్య వ్యాసాల్లో కనిపిస్తుంది. ఊబకాయం, టైప్ 2 మధుమేహం, గుండె జబ్బుల్లాంటివి. ఇప్పుడవి పేదల్లోనూ విస్తరించాయి కాబట్టి ఆ పేరు పాతబడిపోతోంది. ‘జీవనశైలి జబ్బులు’ అంటే సరిపోతుంది, ‘ధనికుల రోగాలు’ అనకండి. అఫ్లుయెంజా మాత్రం జబ్బే కాదు. అఫ్లుయెన్స్‌కి ఇన్‌ఫ్లుయెంజా అతికించి, ఎంత ఉన్నా ఇంకా కావాలనే యావను వెక్కిరించడానికి పుట్టించిన మాట. వైద్యం గురించి రాస్తున్న చోట అది కనిపిస్తే రచయిత ఎగతాళి చేస్తున్నాడేమో చూడండి. తెలుగులో ‘డబ్బు జ్వరం’ అంటే ఆ వెటకారం దాదాపు మొత్తం వచ్చేస్తుంది.